వినిపించే వెబ్‌సైట్: సీఎంఎస్ చేసేదెంత, మనం చేయాల్సిందెంత

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌కు కూతవేటు దూరంలో, ఒక మేడ మీది గదిలో పదేళ్లుగా వెబ్‌సైట్లు చేస్తున్నాను. అంతకుముందు అదే గదిలో డీటీపీ పని: పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు. కోడ్ రాయకుండానే సైట్ కట్టుకుని, అందులో రోజూ రాసుకోనిచ్చే సాఫ్ట్‌వేర్‌ను సీఎంఎస్ అంటారు. మొన్నటిదాకా నాకు వచ్చిన సీఎంఎస్ ఒక్కటే, వర్డ్‌ప్రెస్. పోయినేడు ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు తమ సైట్‌ను డ్రూపల్ అనే ఇంకో సీఎంఎస్‌లోకి మార్చాలన్నారు. వర్క్ ఆర్డర్ చివర్లో ‘వెబ్‌సైట్ దివ్యాంగులకు అందుబాటులో ఉండవలెను’ అని ఒక లైను. డ్రూపల్ చేతికి అలవాటు కావడానికి నెల పట్టింది. ఆ లైను తలకెక్కడానికి ఇంకో మూడు నెలలు.

తలకెక్కించింది ఆ కాలేజీ పొలిటికల్ సైన్స్ సారు. ఆయనకు చూపు లేదు. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ పెట్టుకుని పనులన్నీ చేసుకుంటారు. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే ఉచిత స్క్రీన్ రీడర్ అది. 2006లో దాన్ని మొదలుపెట్టిన ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్‌కు కూడా చూపు లేదు. సారు పాత సైట్‌లో పరీక్ష ఫీజు నోటిఫికేషన్ తెరిచి సౌండ్ పెంచారు.

“ఇను తమ్మీ.”

“గ్రాఫిక్. స్కాన్ జీరో జీరో ఫోర్” అంది గొంతు. అంతే, ఆగిపోయింది.

“ఇంకోపారి ఇను.” మళ్లీ అదే.

“గిండ్ల ఫీజు ఆఖరు తారీఖు ఏడున్నది? పిల్లలు అడిగితే నేనేం చెప్పాలె?”

నోటిఫికేషన్ మొత్తం ఒకటే బొమ్మ. సంతకం, గుండ్రటి సీలుతో సహా స్కాన్ చేసి వాట్సాప్‌లో పంపితే, ఉన్నదున్నట్టు ఎక్కించింది నేనే.

మూడు చేతుల పని

సీఎంఎస్ మారిస్తే ఇలాంటివి వాటంతటవే పోతాయని కాలేజీ వాళ్ల నమ్మకం. నిజం చెప్పాలంటే నాదీ అదే. అసలు చిక్కంతా ఈ నమ్మకంలోనే ఉంది.

ఒక వెబ్‌సైట్ మీద మూడు చేతులు పడతాయి. మొదటిది సీఎంఎస్ కోర్, అంటే వర్డ్‌ప్రెస్, డ్రూపల్, జూమ్లా లాంటి అసలు సాఫ్ట్‌వేర్. రెండోది సైట్ రూపాన్ని తేల్చే థీమ్, దాంతోపాటు అదనపు పనుల కోసం తగిలించే ప్లగిన్లు. మెనూ ఎలా తెరుచుకోవాలి, స్లైడర్ ఎలా తిరగాలి, ఫారం ఎలా ఉండాలి అన్నవి అక్కడ తేలతాయి. మూడోది రోజూ లాగిన్ అయి రాసే మనిషి. కాలేజీలో జూనియర్ అసిస్టెంట్, ఎన్‌జీవోలో వాలంటీర్, దుకాణంలో యజమాని కొడుకు. మొదటి చేయి ఈ రోజుల్లో చాలావరకు బాగానే పనిచేస్తుంది. పాడయ్యేది రెండో చేతిలో, అంతకంటే ఎక్కువ మూడో చేతిలో. ‘మాది యాక్సెసిబుల్ సీఎంఎస్’, అంటే దివ్యాంగులకూ అందుబాటులో ఉండేది, అని ఎవరైనా చెబితే ఏ చేతి సంగతి చెబుతున్నారో అడగాలి.

నియమాల పుస్తకాలు కూడా ఈ చేతులకు తగ్గట్టే రెండున్నాయి. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూత్రీసీ సంస్థ రాసిన డబ్ల్యూసీఏజీ పేజీ గురించి చెబుతుంది. 1999లో మొదటి వెర్షన్, 2008లో 2.0, 2018లో 2.1, 2023 అక్టోబర్‌లో 2.2 వచ్చాయి. ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మూడు స్థాయిలు. ఎవరైనా ‘యాక్సెసిబుల్’ అంటే మామూలుగా డబుల్ ఏ అనే అర్థం. రెండోది ఏటీఏజీ. ఇది 2015లో 2.0కు వచ్చింది, దీని పేరు మాత్రం పెద్దగా ఎవరూ విన్నట్టు లేదు. ఇది పేజీ గురించి కాదు, పేజీ తయారుచేసే సాధనం గురించి. అందులో రెండు భాగాలు. చూపులేని మనిషి కూడా ఆ సాధనంతో రాయగలగాలన్నది ఒకటి. మామూలు మనిషి రాసేటప్పుడు తప్పు చేయకుండా ఆ సాధనమే చేయి పట్టుకోవాలన్నది రెండోది. కొత్త సీఎంఎస్ నేర్చుకునేవాళ్లకు అసలు పనికొచ్చేది ఈ రెండో పుస్తకం.

మొదటి భాగం చిన్న విషయం కాదు. 2018 డిసెంబర్‌లో వర్డ్‌ప్రెస్ 5.0తో, పేజీని ముక్కలు ముక్కలుగా పేర్చి రాసే బ్లాక్ ఎడిటర్ వచ్చినప్పుడు, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు అది చాలా కష్టంగా ఉందని ఆ ప్రాజెక్టులోని యాక్సెసిబిలిటీ టీమే గట్టిగా అంది. టీమ్‌ను నడిపిస్తున్నావిడ అంతకు రెండు నెలల ముందే తప్పుకున్నారు. తర్వాత చాలా బాగుచేశారు. డ్రూపల్ వైపు చూస్తే, ఇప్పుడు దాంతోపాటే వచ్చే థీమ్ పేరు ఒలివేరో. డ్రూపల్ పని చేస్తూ, యాక్సెసిబిలిటీ కోసం పోరాడి 2019లో చనిపోయిన రేచల్ ఒలివేరో పేరే దానికి పెట్టారు. ఆమెకూ చూపు లేదు. థీమ్‌కు పేరు పెట్టినంత మాత్రాన అన్నీ సరిపోవనుకోండి, కానీ ఆ ఇంట్లో దేనికి విలువ ఇస్తారో కొంత తెలుస్తుంది.

పేజీ ముందా, ఫారం ముందా

వర్డ్‌ప్రెస్ అలవాటున్నవాడికి డ్రూపల్ మొదటి వారం పిచ్చెక్కిస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో ‘కొత్త పేజీ’ నొక్కితే తెల్ల కాగితం తెరుచుకుంటుంది, మన ఇష్టం. డ్రూపల్ ముందు అడిగేది వేరు: నువ్వు పెట్టబోయేది ఏ రకం? నోటిఫికేషనా, అధ్యాపకుల వివరమా, వార్తా? ఆ రకాన్ని కంటెంట్ టైప్ అంటారు. ఒక్కో రకానికి ఏయే గళ్లు ఉండాలో, అంటే ఫీల్డ్స్, ముందే తేల్చాలి. జాబితాలు చూపించే వ్యూస్, వర్గాలు విడదీసే ట్యాక్సానమీ, పేజీలో ముక్కలు సర్దే బ్లాక్స్ అన్నీ దాని తర్వాతే. ఈ భారం తగ్గించడానికే 2025 జనవరి 15న డ్రూపల్ సీఎంఎస్ అని రెడీమేడ్‌గా సర్దిన ప్యాకేజీ ఒకటి విడుదల చేశారు. అయినా లోపలి ఆలోచన అదే.

నాకు విసుగు తెప్పించిన ఆ పద్ధతే చివరికి పనికొచ్చింది. నోటిఫికేషన్ అనే కంటెంట్ టైప్‌లో శీర్షిక, విషయం, చివరి తేదీ, ఎవరికి వర్తిస్తుంది, సంప్రదించాల్సిన గది, జతచేసిన ఫైలు అని ఆరు గళ్లు పెట్టాను. మొదటి మూడూ నింపందే సేవ్ కాదు. చివరి తేదీ అనేది తేదీ గడి కాబట్టి ప్రతి నోటిఫికేషన్‌లోనూ ఒకే చోట, ‘చివరి తేదీ’ అన్న మాట వెంటే వస్తుంది. చూసేవాళ్లకు అది అందంగా సర్దినట్టు. వినేవాళ్లకు మాత్రం ఏది ఎక్కడ దొరుకుతుందో ముందే తెలిసినట్టు. ఇదే పని వర్డ్‌ప్రెస్‌లోనూ కస్టమ్ ఫీల్డ్స్‌తో చేయొచ్చు. పదేళ్లలో నేను ఎప్పుడూ చేయలేదు, ఎందుకంటే అది నన్ను అడగలేదు.

సీలున్న స్కాన్ కాపీ లేకపోతే నోటిఫికేషన్‌కు విలువ లేదని ఆఫీసు వాళ్ల వాదన. వాళ్ల వాదన వాళ్లది. స్కాన్ కాపీని జతచేసిన ఫైలు గడిలో ఉంచి, విషయం మాత్రం టైప్ చేయక తప్పదని పెట్టాను. మొదటి నెల ఆ గడిలో ‘పైన చూడుడు’ అని టైప్ చేసి సేవ్ కొట్టారు.

పోచంపల్లి నేత, అచ్చు వేసిన చీర

హెడింగ్ సంగతి ఎవరికి చెప్పినా మొదట అర్థం కాదు. ‘పెద్ద అక్షరాలు, బోల్డ్ పెట్టాను కదా, అదే హెడింగ్’ అంటారు. మా పక్కనున్న పోచంపల్లి చీర గుర్తు చేస్తే వెంటనే పట్టుకుంటారు. పోచంపల్లిలో డిజైన్ నేయకముందే నూలులోకి ఎక్కుతుంది. పోగుల్ని కట్లు కట్టి, రంగులద్ది, ఆ తర్వాతే మగ్గం మీదకు తెస్తారు. తిరగేసినా అదే డిజైన్. మార్కెట్లో దొరికే నకిలీది అచ్చు వేసిన గుడ్డ. తిరగేస్తే వెలిసిపోయినట్టుంటుంది. స్క్రీన్ రీడర్ చూసేది ఎప్పుడూ చీర వెనక వైపే. బోల్డ్ కొట్టి సైజు పెంచినది అచ్చు. ఎడిటర్‌లో ‘హెడింగ్ 2’ ఎంచుకున్నది నేత.

ఎన్‌వీడీఏ వాడేవాళ్లు పేజీని పైనుంచి కిందిదాకా వినరు, అంత ఓపిక ఎవరికుంటుంది? కీబోర్డులో ‘హెచ్’ నొక్కుతూ ఒక హెడింగ్ నుంచి ఇంకో హెడింగ్‌కు దూకుతారు. ‘టి’ నొక్కితే టేబుల్‌కు, ‘కె’ నొక్కితే లింకుకు. మనం పేపర్ తిప్పుతూ పెద్దక్షరాలు చూసినట్టే. హెడింగ్ నిజంగా హెడింగ్ కాకపోతే ‘హెచ్’ నొక్కినప్పుడు ‘తర్వాతి హెడింగ్ లేదు’ అని జవాబొస్తుంది. నలభై పేరాలున్న ప్రాస్పెక్టస్ పేజీలో ఆ జవాబు వస్తే ఎలా ఉంటుందో ఊహించండి. అందుకే డ్రూపల్‌లో ఆఫీసు వాళ్ల ఎడిటర్ నుంచి ఫాంట్ సైజు, రంగుల బటన్లు అసలు లేకుండా చేశాను. హెడింగ్ 2, హెడింగ్ 3, బోల్డ్, జాబితా, లింకు, టేబుల్, ఇంతే. ‘రంగులేవి సార్?’ అని రెండు రోజులు ఫోన్లు వచ్చాయి.

టేబుల్‌దీ ఇదే కథ. బత్తాయి ధరల పట్టిక ఉందనుకోండి: మార్కెట్, కనిష్ఠం, గరిష్ఠం, తేదీ. పై వరుసను హెడర్ వరుస అని గుర్తుపెట్టకపోతే, కింద గడులకు దిగినప్పుడు స్క్రీన్ రీడర్ ఉత్త అంకెలు వినిపిస్తుంది. ఏది కనిష్ఠమో ఏది గరిష్ఠమో గుర్తుపెట్టుకోవాల్సింది వినేవాళ్లే. గుర్తుపెడితే ప్రతి అంకె ముందు దాని పేరు కూడా చెబుతుంది. వర్డ్‌ప్రెస్ టేబుల్ బ్లాక్‌లోనూ, డ్రూపల్‌లో రాయడానికి వాడే సీకేఎడిటర్‌లోనూ ఇది ఒక్క క్లిక్కు.

బొమ్మకు మాట

ఆల్ట్ టెక్స్ట్ అంటే బొమ్మ కనపడనివాళ్లకు బొమ్మ బదులు వినపడే మాట. డ్రూపల్‌లో బొమ్మ గడికి అది మామూలుగానే తప్పనిసరి. రాయకపోతే ముందుకు పోనివ్వదు. వర్డ్‌ప్రెస్ ఖాళీగా వదిలేసినా ఏమీ అనదు. తప్పనిసరి చేస్తే పని అయిపోయిందనుకున్నాను. నెల తర్వాత చూస్తే ఆ గడుల్లో ‘ఫొటో’, ‘బొమ్మ’, ‘ఆఆఆ’. తలుపుకు గొళ్లెం పెట్టొచ్చు గానీ, లోపలికి ఏం తెస్తున్నారో గొళ్లానికి తెలియదు.

ఏం రాయాలన్నది బొమ్మను బట్టి కాదు, అది అక్కడ ఎందుకుందో దాన్నిబట్టి ఉంటుంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఫొటో తీసుకుందాం. గర్భగుడిలో పొద్దంతా ఒక నీడ నిలిచి ఉండడం ఆ గుడి ప్రత్యేకత. కాలేజీ టూర్ వార్తలో ఆ ఫొటో ఉంటే ‘ఛాయా సోమేశ్వరాలయం మెట్ల మీద హిస్టరీ విద్యార్థులు’ అంటే చాలు. ఆ నీడ ఎలా పడుతుందో వివరించే ఫిజిక్స్ పేజీలో అదే గుడి ఉంటే, ‘గర్భగుడి వెనక గోడ మీద నిలువుగా పడిన స్తంభం నీడ’ అని రాయాలి, మెట్ల సంగతి అక్కర్లేదు. పేజీ అంచున అందం కోసం పెట్టిన ముగ్గు డిజైన్‌కు ఏమీ రాయకూడదు. దానికి సీకేఎడిటర్‌లో ‘అలంకారం కోసమే’ అని విడిగా ఒక ఆప్షన్ ఉంది. అది ఆన్ చేస్తే స్క్రీన్ రీడర్ ఆ బొమ్మను దాటేస్తుంది.

తెలుగుకే ఉన్న తంటాలు

ఇంగ్లీషు పాఠాలు చదివి నేర్చుకుంటే ఈ భాగం దొరకదు. నా పాత హార్డ్ డిస్కులో ఉన్నదంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో చేసిన డీటీపీ. ఆ ఫాంట్లలో తెర మీద ‘క’ కనిపిస్తుంది గానీ లోపల ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. కాపీ చేసి సైట్‌లో పెడితే చూసేవాళ్లకే పిచ్చి గీతలు. స్క్రీన్ రీడర్‌కు ఇక చెప్పేదేముంది. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ప్రమాణం యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్ నుంచే అందులో తెలుగు ఉంది. కన్వర్టర్లతో మార్చుకోవచ్చు, కానీ వత్తుల దగ్గర తప్పులు పడతాయి, ఒక మనిషి కూర్చుని చదివి దిద్దాల్సిందే. ఈ పని తప్పించుకోవడానికే సగంమంది బొమ్మగా ఎక్కిస్తారు. నేనూ అదే చేశాను.

ఇంకోటి, పేజీ భాష. సైట్ సెట్టింగ్స్‌లో భాష ఇంగ్లీషు అని ఉండి లోపల అంతా తెలుగు రాస్తే, స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతో మొదలుపెడుతుంది. కొన్ని గొంతులు తెలుగు అక్షరాల దగ్గర తడబడతాయి, కొన్ని అసలు నోరే తెరవవు. వర్డ్‌ప్రెస్‌లో జనరల్ సెట్టింగ్స్‌లో సైట్ భాష తెలుగు అని మార్చడమే. రెండు మూడు భాషలు కావాలంటే డ్రూపల్ మేలు, దానికి కావాల్సిన మాడ్యూళ్లు (డ్రూపల్‌లో ప్లగిన్లను అలా అంటారు) కోర్‌లోనే ఉన్నాయి. పాలమూరు వైపు ఒక సంస్థకు ఉర్దూ పేజీలు కూడా చేయాల్సి వచ్చింది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు. భాష సరిగా చెబితే పేజీ దిశను డ్రూపలే తిప్పుకుంటుంది. చేత్తో కుడివైపుకు జరిపిన ఉర్దూ మాత్రం మళ్లీ అచ్చు చీరే.

లైన్ల మధ్య ఖాళీ కూడా చూసుకోవాలి. ఇంగ్లీషు కోసం చేసిన థీమ్‌లో పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. చూపు మందగించినవాళ్లకు అది నరకం. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు పైనే లైన్ హైట్ పెడుతున్నాను.

మౌస్ పట్టలేని చేతులు

అందుబాటు అనగానే అందరూ చూపు గురించే మాట్లాడతారు. మా జిల్లాలో పుట్టినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. మర్రిగూడ, మునుగోడు వైపు తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయినవాళ్లున్నారు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పుర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే ‘నల్గొండ టెక్నిక్’. వేళ్లు, మోచేతులు బిగుసుకుపోయిన మనిషి మౌస్‌ను చిన్న బటన్ మీద నిలపలేడు. కీబోర్డు మాత్రం ఒక్కో మీట నొక్కగలడు. ట్యాబ్ మీటతో సైట్ అంతా తిరగగలగాలి, ప్రస్తుతం ఎక్కడున్నామో చుట్టూ గీత కనపడాలి. ఆ గీత ‘బాగాలేదు’ అని తీసేసే థీమ్‌లు ఎన్నో. ఒకప్పుడు కస్టమర్ అడిగితే నేనూ ఒక్క లైను కోడ్‌తో తీసేసేవాణ్ని. డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం నొక్కాల్సిన గురి కనీసం 24 పిక్సెళ్ల చదరం ఉండాలి, లేదంటే చుట్టూ సరిపడా ఖాళీ ఉండాలి.

ఇది థీమ్ చేతి పని కాబట్టి థీమ్ ఎంచుకునే రోజే చూసుకోవాలి. డెమో తెరిచి మౌస్ పక్కన పడేసి, ట్యాబ్, ఎంటర్, ఎస్కేప్‌లతోనే మెనూ తెరిచి మూయండి. రెండు నిమిషాల పని. తర్వాత పేజీని 400 శాతం జూమ్ చేయండి. అడ్డంగా స్క్రోల్ చేయకుండా చదవగలిగితే సరే. అక్షరం రంగుకూ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా మామూలు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలి. కాలేజీ వాళ్లకు ఇష్టమైన లేత బూడిద మీద తెలుపు ఆ లెక్కకు చాలా దూరం.

ఇంత శ్రమ ఎందుకు, సైట్ మూలన ఒక వీల్‌చైర్ బొమ్మ బటన్ పెట్టే విడ్జెట్ కొంటే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. అక్షరాలు పెద్దవి చేసే పని బ్రౌజర్ ఎలాగూ చేస్తుంది. లేని హెడింగ్‌ను విడ్జెట్ పుట్టించలేదు. ఏ వెబ్‌సైట్‌నైనా ప్రమాణాలకు సరిపోయేలా చేస్తామని ప్రచారం చేసుకున్న ఇలాంటి ఒక కంపెనీతో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్లు కట్టించింది.

చట్టం మాట

మన దగ్గర ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, సమాచార సాంకేతికత కూడా అందుబాటులో ఉండాలని చెప్పింది. దాని కింద 2017లో చేసిన నిబంధనల్లో అందుబాటుకు సంబంధించినది ఉత్త సలహాలా ఉందని, తప్పనిసరి ప్రమాణాలు కావాలని 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు తేల్చింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పులో డిజిటల్ అందుబాటు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమంది. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిని, ‘రెప్ప ఆర్పండి’ అన్న కేవైసీ, అంటే ఆన్‌లైన్ గుర్తింపు తనిఖీ, దగ్గర ఆగిపోయినవాళ్ల కేసు అది. ప్రభుత్వ సైట్లకు 2009 నుంచి జీఐజీడబ్ల్యూ మార్గదర్శకాలున్నాయి, 2023లో మూడో వెర్షన్ వచ్చింది. మన జిల్లా సైట్లు నడిచేది కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వారి ఎస్‌త్రీవాస్ వేదిక మీద. ఆ పేరులో మూడో ఎస్ ‘సుగమ్య’, అంటే అందుబాటు. అక్కడా మూడో చేయి మాత్రం ఆఫీసులో టైప్ చేసే మనిషిదే.

కొత్త సైట్ తయారయ్యాక సారు దగ్గరికి వెళ్లాను. అందుబాటు తప్పులు వెతికే చెకర్ సాఫ్ట్‌వేర్ సున్నా తప్పులు చూపించిన ధైర్యం నాది. ఆయన ‘హెచ్’ రెండుసార్లు నొక్కారు. ‘చివరి తేదీ’ అంది గొంతు, తెలుగులోనే. తల ఊపి ‘సంప్రదించండి’ ఫారంలోకి వెళ్లారు. పేరు, ఫోన్ నంబర్, విషయం, అన్నీ టకటకా నింపారు. ఆఖర్న ఆగారు.

“ట్రాఫిక్ లైట్లు ఉన్న బొమ్మలు ఎంచుకోమంటున్నది. యాడున్నయో నువ్వే చెప్పు తమ్మీ.”

స్పామ్ రాకుండా నేను పెట్టిన క్యాప్చా, అంటే నింపేది మనిషేనా అని తేల్చే పరీక్ష. చెకర్ దాన్ని పట్టుకోలేదు. ఆ సాయంత్రమే తీసేసి, డ్రూపల్‌లో హనీపాట్ అనే మాడ్యూల్ పెట్టాను. మనుషులకు కనపడని ఒక గడి వేసి, దాన్ని నింపే స్పామ్ ప్రోగ్రాములను అది ఆపేస్తుంది. మనుషుల్ని ఏమీ అడగదు. ఇప్పుడు రోజుకు రెండు మూడు స్పామ్ మెసేజ్‌లు జారి వస్తున్నాయి. పొద్దున టీ తాగుతూ వాటిని నేనే తీసేస్తున్నాను.